దృష్టిలో ఎ విటమిన్, కాంతిగ్రాహక వర్ణకాల పాత్ర

నిర్వచనం, పరిధి

కంటిలోకి వచ్చిన వెలుతురును పట్టుకుని నాడీ సంకేతానికి నాంది పలికే పదార్థాలను కాంతిగ్రాహక వర్ణకాలు అంటారు. ఇవి ప్రధానంగా రెటీనాలోని దండకణాల్లోనూ శంకుకణాల్లోనూ ఉంటాయి. ప్రతి వర్ణకంలోనూ రెండు భాగాలుంటాయి. ఒకటి ఆప్సిన్ అనే ప్రోటీన్, రెండోది ఆ ప్రోటీన్ గర్భంలో అతుక్కుని ఉండే రెటినల్ అనే చిన్న అణువు. రెటినల్ ఎ విటమిన్ నుంచే తయారవుతుంది. ఎ విటమిన్ అన్నది ఒకే పదార్థానికి పేరు కాదు. ఆల్కహాల్ రూపంలో రెటినాల్, ఆల్డిహైడ్ రూపంలో రెటినల్, ఆమ్ల రూపంలో రెటినోయిక్ ఆమ్లం, కాలేయంలో నిల్వ ఉండే రెటినైల్ ఎస్టర్లు ఒకే కుటుంబానికి చెందినవి. వెలుతురును పట్టే పని ఆల్డిహైడ్ రూపానిది. జన్యువుల పనిని నియంత్రిస్తూ కంటి పైపొరను, ఊపిరితిత్తుల, పేగుల లోపొరలను నిలబెట్టే పని ఆమ్ల రూపానిది. ఈ పని విభజనను మనసులో ఉంచుకుంటేనే ఎ విటమిన్ చుట్టూ అర్ధ శతాబ్దంగా నడుస్తున్న వాదాలు అర్థమవుతాయి.

ఎ విటమిన్ తగ్గితే రేచీకటి వస్తుందని బడి పుస్తకాలు చెబుతాయి. అది నిజమే గాని పూర్తి నిజం కాదు. చూపు కోసం వాడుకున్న రెటినల్ అక్కడితో ఖర్చైపోదు. వెలుతురు తగిలి రూపు మారిన అణువే బాగుపడి మళ్ళీ అదే పనికి వస్తుంది. ఆహారంలోని నూనె, పేగు, కాలేయం, రక్తంలోని వాహక ప్రోటీన్, రెటీనా వెనుకనున్న వర్ణక పొర, కొన్ని ఎంజైములు కలిసి ఈ తిరుగుడును నడుపుతాయి. వీటిలో ఏ లంకె తెగినా సంధ్యవేళ చూపు తడబడుతుంది. కాబట్టి రేచీకటి నివారణను ఎంత మోతాదు మింగించామన్న లెక్కతో మాత్రమే తూచకూడదు, ఏ లంకె తెగిందో చూసి తూచాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలు, పుట్టుకతో వచ్చే రెటీనా జబ్బులు ఈ నిర్ధారణకే దారి తీస్తాయి. తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న గోకుంద వంటి ఊళ్ళకు దీని వల్ల కలిగే ప్రయోజనం చివరి భాగాల్లో వస్తుంది.

పరిశోధన చరిత్ర

రేచీకటికి కాలేయం తినిపించే వైద్యం చాలా పాతది. సుశ్రుత సంహిత నక్తాంధ్యానికి మేక కాలేయాన్ని సూచించింది. ప్రాచీన ఈజిప్టు, గ్రీకు వైద్యులు ఎద్దు కాలేయాన్ని వాడారు. కారణం తెలియకుండానే శరీరంలో ఎ విటమిన్ అత్యధికంగా దాగి ఉండే అవయవాన్ని వాళ్ళు పట్టుకోగలిగారు. ఆధునిక పరిశోధన 1876లో మొదలైంది. ఫ్రాంజ్ బోల్ చీకట్లో ఉంచిన కప్ప కంటి రెటీనా ఎర్రగా ఉండటాన్ని, వెలుతురు తగలగానే ఆ ఎరుపు వెలిసిపోవడాన్ని గమనించాడు. మరి రెండేళ్ళకు హైడెల్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ క్యూనే పిత్త లవణాల సాయంతో ఆ ఎర్రని పదార్థాన్ని ద్రావణంలోకి తీశాడు. నేడు రొడాప్సిన్ అంటున్నది దాన్నే. వెలిసిన రంగు మళ్ళీ రావాలంటే రెటీనా తన వెనుక పొరను అంటిపెట్టుకుని ఉండాలని కూడా ఆనాటి ప్రయోగాల్లోనే తేలింది. దృష్టి చక్రానికి తొలి ఆధారం ఇదే అయినా, దాని పూర్తి అర్థం బోధపడటానికి ఎనభై ఏళ్ళకు పైగా పట్టింది.

ఈలోగా పోషకాహార శాస్త్రం వేరే దారిన వచ్చింది. 1913లో మెకాలమ్, మార్గరెట్ డేవిస్ ఒకవైపు, ఆస్‌బోర్న్, మెండెల్ మరోవైపు వెన్న, గుడ్డు సొన వంటి కొవ్వుల్లో ఎలుకల పెరుగుదలకు తప్పనిసరైన పదార్థం ఒకటుందని చూపారు. 1925లో డెన్మార్క్‌కు చెందిన ఫ్రిడెరీసియా, హోల్మ్ ఆ పదార్థం అందని ఎలుకల్లో రొడాప్సిన్ సరిగా తయారు కావడం లేదని గుర్తించారు. 1930లో థామస్ మూర్ మొక్కల్లోని కెరోటిన్ శరీరంలో ఎ విటమిన్‌గా మారుతుందని నిరూపించాడు. 1931లో పౌల్ కారర్ దాని నిర్మాణాన్ని తేల్చాడు. రెండు దారులను కలిపినవాడు జార్జ్ వాల్డ్. 1933లో అతడు రెటీనాలోనే ఎ విటమిన్ ఉందని కనుగొన్నాడు. రూత్ హబ్బర్డ్ తదితరులతో కలిసి అతడు సాగించిన పరిశోధన వల్ల, వెలుతురు చేసే పని రెటినల్ అణువు వంపును విప్పడమేనని 1950ల చివరికి స్పష్టమైంది. వాల్డ్‌కు 1967లో హార్ట్‌లైన్, గ్రానిట్‌లతో పాటు నోబెల్ బహుమతి దక్కింది. ఆవు రొడాప్సిన్ త్రిమితీయ నిర్మాణం 2000లో వెలువడింది.

వర్ణకాల రకాలు (చూ. రెటీనా, వర్ణాంధత్వం)

మనిషి రెటీనాలో సుమారు 12 కోట్ల దండకణాలు, 60 లక్షల శంకుకణాలు ఉంటాయి. దండకణాల్లో ఉండే రొడాప్సిన్ దాదాపు 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల నీలి-ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. శంకుకణాలు మూడు రకాలు. వాటి వర్ణకాలు వరుసగా సుమారు 420, 530, 560 నానోమీటర్ల వద్ద ఎక్కువగా స్పందిస్తాయి. మూడింటి సంకేతాలను మెదడు పోల్చుకోవడం వల్ల రంగులు తెలుస్తాయి. నాలుగు వర్ణకాల్లోనూ ఉండేది ఒకే రెటినల్. దాన్ని చుట్టుకున్న ఆప్సిన్ ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాల తేడా వల్లనే అది ఒక చోట నీలానికి, మరో చోట ఎరుపు వైపు కాంతికి స్పందిస్తుంది. వీటితో పాటు రెటీనాలోని కొద్దిపాటి నాడీకణాల్లో మెలనాప్సిన్ అనే మరో వర్ణకం ఉంది. అది బొమ్మను చూపదు. పగలు, రాత్రి తేడాను శరీర గడియారానికి తెలిపి, కంటిపాప సంకోచానికి తోడ్పడుతుంది.

ఎ విటమిన్ అన్ని వర్ణకాలకూ అవసరమైనప్పుడు లోపం వల్ల ముందు రాత్రి చూపే ఎందుకు దెబ్బతింటుందన్న ప్రశ్న సహజంగా వస్తుంది. పగటి వెలుతురులో ప్రతి శంకుకణానికీ అందే కాంతి చాలా ఎక్కువ. వర్ణకం కొంత తగ్గినా చూపుకు సరిపడా సంకేతం వస్తుంది. మసక వెలుతురులో అంత వెసులుబాటు లేదు. దండకణం ఒక్క ఫోటాన్‌కైనా స్పందించగలదు. 1942లో హెక్ట్, ష్లేర్, పిరెన్ చేసిన ప్రయోగం ప్రకారం రెటీనా అయిదు నుంచి ఏడు ఫోటాన్లను పీల్చుకుంటే మనిషికి వెలుగు కనబడినట్లు తెలుస్తుంది. అంత సున్నితమైన వ్యవస్థలో రొడాప్సిన్ తగ్గితే ఆ తగ్గుదల వెంటనే బయటపడుతుంది. శంకుకణాలకు రెటినల్‌ను బాగుచేసుకునే అదనపు దారి ఒకటి రెటీనాలోనే ఉండటం కూడా వాటికి కలిసివచ్చే అంశం.

కాంతి సంకేతంగా మారే విధానం

చీకట్లో రెటినల్ తన పదకొండో కార్బన్ దగ్గర వంగి ఉంటుంది. ఈ రూపాన్ని 11-సిస్ రెటినల్ అంటారు. ఫోటాన్ తగలగానే ఆ వంపు విచ్చుకుని అణువు నిటారుగా మారుతుంది. ఈ మార్పుకు పట్టే కాలం సుమారు 200 ఫెమ్టోసెకన్లు. సెకనులో లక్ష కోట్ల వంతు కన్నా తక్కువ. జీవకోటిలో తెలిసిన అతి వేగవంతమైన రసాయన చర్యల్లో ఇదొకటి. దృష్టికి సంబంధించినంత వరకు వెలుతురు స్వయంగా చేసే పని ఇదొక్కటే, తరువాతి దశలన్నీ చీకట్లోనూ జరగగలవు. నిటారైన రెటినల్ ఒత్తిడికి ఆప్సిన్ ఆకారం మారుతుంది. మారిన ఆప్సిన్ ట్రాన్స్‌డ్యూసిన్ అనే ప్రోటీన్ అణువులను వరుసగా మేల్కొలుపుతుంది. అవి ఒక ఎంజైమును ప్రేరేపిస్తాయి, ఆ ఎంజైము కణంలోని చక్రీయ జీఎంపీని విచ్ఛిన్నం చేస్తుంది. చక్రీయ జీఎంపీ తగ్గగానే కణం పొరలో సోడియం, కాల్షియం అయాన్లు వచ్చే దారులు మూసుకుంటాయి, కణం లోపలి రుణావేశం పెరుగుతుంది. ఫలితంగా గ్లూటమేట్ విడుదల తగ్గుతుంది. చీకట్లో కణం నిరంతరం గ్లూటమేట్‌ను వదులుతుంటుంది, వెలుగు దాన్ని తగ్గిస్తుంది. మెదడుకు చేరే దృశ్య సమాచారం అంతా ఈ తగ్గుదల నుంచి పుట్టినదే. ప్రతి దశలోనూ సంకేతం అనేక రెట్లు పెరగడం వల్లనే ఒక్క ఫోటాన్ ప్రభావం కొలవదగినంత అవుతుంది.

దృష్టి చక్రం

నిటారైన రెటినల్ మరో ఫోటాన్‌ను పట్టడానికి పనికిరాదు. అది ఆప్సిన్ నుంచి విడిపోయాక దండకణంలోనే రెటినాల్‌గా మారుతుంది. కణం చక్రికల లోపలి వైపు చిక్కుకున్న రెటినల్‌ను బయటికి చేరవేసేది ఏబీసీఏ4 అనే వాహక ప్రోటీన్. అక్కడి నుంచి రెటినాల్ రెటీనా వెనుకనున్న వర్ణక పొరకు చేరుతుంది. ఆ పొర కణాల్లో అది కొవ్వు ఆమ్లంతో కలిసి ఎస్టర్ అవుతుంది. ఆర్‌పీఈ65 అనే ఎంజైము ఆ ఎస్టర్‌ను తీసుకుని తిరిగి వంపు తిరిగిన రెటినాల్‌గా మారుస్తుంది. మరో ఎంజైము దాన్ని 11-సిస్ రెటినల్‌గా ఆక్సీకరిస్తుంది. ఆ అణువు దండకణానికి తిరిగి వచ్చి ఖాళీగా ఉన్న ఆప్సిన్‌లో కూర్చుంటే రొడాప్సిన్ మళ్ళీ సిద్ధమవుతుంది. ఎండలో నుంచి చీకటి గదిలోకి వచ్చినప్పుడు చూపు పూర్తిగా సర్దుకోవడానికి 30 నుంచి 40 నిమిషాలు పట్టడానికి కారణం ఈ ప్రయాణమే. శంకుకణాలు పది నిమిషాల్లోపే సర్దుకుంటాయి.

చక్రంలో ఏ లంకె తెగితే ఏమవుతుందో పుట్టుకతో వచ్చే జబ్బులు విడివిడిగా చూపిస్తాయి. ఆర్‌పీఈ65 జన్యువు దెబ్బతిన్న పిల్లల రక్తంలో ఎ విటమిన్ సరిపడా ఉన్నా రెటినల్ బాగుపడదు, చిన్నతనంలోనే చూపు పోతుంది. ఆక్సీకరణ ఎంజైములో లోపమున్న వారికి చీకటికి సర్దుకోవడానికి గంటలు పడుతుంది, కాని తగినంత సేపు చీకట్లో ఉంటే చూపు వస్తుంది. ఏబీసీఏ4 లోపించిన స్టార్‌గార్ట్ జబ్బులో వాడిన రెటినల్ పేరుకుని విషపదార్థంగా మారుతుంది. ఆ రోగులకు ఎ విటమిన్ మాత్రలు వాడవద్దని వైద్యులు చెబుతారు. ఒకే విటమిన్ ఒక చోట అందక, మరో చోట అందీ పనికిరాక, ఇంకో చోట ఎక్కువై హాని చేస్తోంది. చూపును నిర్ణయించేది చక్రమేనన్న వాదానికి ఇంతకన్నా సూటి ఆధారం లేదు.

ఆహారం నుంచి కంటి దాకా

మాంసాహారం, పాలు, గుడ్లలో ఎ విటమిన్ సిద్ధంగా ఉంటుంది. ఆకుకూరలు, పసుపు, నారింజ రంగు పండ్లలో బీటా కెరోటిన్ రూపంలో ఉంటుంది. ఏ రూపంలో ఉన్నా అది కొవ్వులో కరిగే పదార్థం. భోజనంలో నూనె బొత్తిగా లేకపోతే పేగు దాన్ని సరిగా పీల్చుకోలేదు. పిల్లల ఆకుకూర భోజనానికి కొద్దిగా నూనె చేర్చినంత మాత్రాన కెరోటిన్ శోషణ స్పష్టంగా మెరుగైందని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1980లో ప్రచురించారు. పీల్చుకున్న విటమిన్‌లో ఎక్కువ భాగం కాలేయంలో నిల్వ ఉంటుంది. అక్కడి నుంచి అది కంటికి చేరాలంటే రెటినాల్ వాహక ప్రోటీన్ కావాలి. ప్రోటీన్, జింక్ తక్కువగా తినే పిల్లల్లో ఈ వాహకం తగినంత తయారు కాదు. కాలేయంలో నిల్వ ఉన్నా రక్తంలో తక్కువగా కనిపించే పరిస్థితి అప్పుడే ఏర్పడుతుంది. జ్వరం, విరేచనాలు, తట్టు వచ్చినప్పుడు కూడా రక్తంలో రెటినాల్ పడిపోతుంది. అందుకని డెసిలీటరుకు 20 మైక్రోగ్రాముల కన్నా తక్కువ రెటినాల్ కనబడగానే ఆహార లోపమని తేల్చడం తొందరపాటు.

లోపం, దాని దశలు (చూ. రేచీకటి, పొడికన్ను)

ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో రేచీకటి మొదటి మెట్టు. తరువాత తెల్లగుడ్డు పైపొర పొడిబారడం, దానిపై నురుగులాంటి బైటాట్ మచ్చలు, ఆపైన కార్నియా పొడిబారడం, చివరికి కార్నియా మెత్తబడి కరిగిపోవడం వస్తాయి. ఈ మెట్లన్నీ ఒకే దారిలో ఉన్నట్లు కనబడినా వాటి వెనుక పనిచేసే యంత్రాంగాలు రెండు. రేచీకటి రొడాప్సిన్ తగ్గడం వల్ల వచ్చేది, విటమిన్ అందగానే సాధారణంగా కొద్ది రోజుల్లో పూర్తిగా సరవుతుంది. మచ్చలు, కార్నియా కరగడం రెటినోయిక్ ఆమ్లం తగ్గి పైపొర కణాలు మొరటుబారడం వల్ల వచ్చేవి. కరిగిన కార్నియా మళ్ళీ తయారు కాదు. పసిపిల్లలకు తమకు చీకట్లో కనబడటం లేదని చెప్పడం తెలియదు. పొద్దు వాలాక బిడ్డ ఒకే చోట కూర్చుండిపోవడం, కంచం కోసం తడుముకోవడం తల్లే గమనించాలి. ఏ పరికరం అవసరం లేని ఈ పరిశీలన అక్కరకు వచ్చేంతగా మన ఆరోగ్య వ్యవస్థ దాన్ని నమోదు చేయడం లేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

హైదరాబాద్ పరిశోధనలు, జాతీయ కార్యక్రమం

జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ నెలకొల్పిన చిన్న పరిశోధనశాల నుంచి ఎదిగింది. 1950ల చివర్లో హైదరాబాద్‌కు మారింది. స్వామినాథన్, సుశీల, తిమ్మాయమ్మ అక్కడి నుంచి పల్లె పిల్లలపై చేసిన క్షేత్ర పరిశీలనను 1970లో ప్రచురించారు. ఏడాదికొకసారి నోటి ద్వారా ఇచ్చిన పెద్ద మోతాదు కంటి లక్షణాలను గణనీయంగా తగ్గించిందని అందులో తేలింది. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం పోషకాహార లోపం వల్ల వచ్చే అంధత్వ నివారణ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఆరు నెలలకొకసారి 2 లక్షల అంతర్జాతీయ యూనిట్లు ఇచ్చే పద్ధతి అలా ఏర్పడింది. నేటి షెడ్యూలులో తొమ్మిదో నెలలో తట్టు-రుబెల్లా టీకాతో పాటు లక్ష యూనిట్లు, ఒకటిన్నర ఏడు దగ్గరపడుతుండగా 2 లక్షలు, ఆ తరువాత అయిదేళ్ళు నిండే దాకా ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్లు ఇస్తారు. మొత్తం తొమ్మిది మోతాదులు, 17 లక్షల యూనిట్లు.

ఈ మోతాదు వెనుకనున్న లెక్కను పరిశీలించడం అవసరం. ఒక యూనిట్ 0.3 మైక్రోగ్రాముల రెటినాల్‌కు సమానం. 2 లక్షల యూనిట్లంటే 60,000 మైక్రోగ్రాములు. చిన్న పిల్లలకు రోజుకు సుమారు 400 మైక్రోగ్రాములు కావాలనుకుంటే ఆరు నెలలకు 72,000 మైక్రోగ్రాములు అవుతాయి. మింగిన మోతాదు మొత్తం నిల్వ కాదు, కొంత శోషణలోనే పోతుంది, కొంత మూత్రంలో వెళ్ళిపోతుంది. అంటే ఆహారం నుంచి ఏమీ రాకపోతే రెండు మోతాదుల మధ్య నిల్వ అయిపోతుంది. మోతాదును రూపొందించిన వారికి ఇది తెలియని విషయం కాదు. ఆహారం మెరుగుపడే దాకా కళ్ళను కాపాడే తాత్కాలిక ఏర్పాటుగానే వారు దాన్ని చూశారు. తాత్కాలికమన్న ఆ మాట కాలక్రమంలో మరుగున పడింది.

మరణాల తగ్గుదలపై వాదం

పెద్ద మోతాదుకు అనుకూలంగా వినిపించే బలమైన వాదం చూపు గురించి కాదు, ప్రాణం గురించి. ఇండోనేషియాలోని ఆచేలో ఆల్ఫ్రెడ్ సోమర్ బృందం 1986లో ప్రచురించిన పరిశీలనలో విటమిన్ అందిన గ్రామాల పిల్లల్లో మరణాలు 34 శాతం తగ్గాయి. 1990లో తమిళనాడులోని తిరుచిరాపల్లి ప్రాంతంలో వారం వారం చిన్న మోతాదు ఇచ్చిన రహమతుల్లా బృందం 54 శాతం తగ్గుదలను నమోదు చేసింది. అదే ఏడాది హైదరాబాద్ శాస్త్రవేత్తలు విజయరాఘవన్, వినోదిని రెడ్డి బృందం దాదాపు 16 వేల మంది పిల్లల పరిశీలనను లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. ఆరు నెలలకొకసారి పెద్ద మోతాదు అందిన పిల్లలకూ అందని వారికీ మరణాల్లో చెప్పుకోదగిన తేడా అందులో కనిపించలేదు. ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లలతో జరిగి 2013లో వెలువడిన దేవ్‌తా పరిశీలనలో తగ్గుదల 4 శాతమే. అది యాదృచ్ఛికం కూడా కావచ్చు.

దేవ్‌తాలో మోతాదు నిజంగా పిల్లల నోట్లో పడిందా అని కొందరు సందేహించారు. ఆ సందేహాన్ని కొట్టిపారేయలేం. హైదరాబాద్ ఫలితానికి మాత్రం ఆ విమర్శ వర్తించదు. సిబ్బంది తరచుగా ఇళ్ళకు వెళ్ళిన ఆ గ్రామాల్లో రెండు గుంపుల్లోనూ మరణాలు తక్కువే. వైద్యం దగ్గరగా ఉన్న చోట అదనపు విటమిన్ వల్ల కాపాడగలిగే ప్రాణాలు తక్కువ కావడం అర్థం చేసుకోదగినదే. తట్టు విజృంభించే చోట, నిల్వలు పూర్తిగా ఎండిన చోట ప్రభావం ఎక్కువగా ఉండవచ్చు. తట్టు సోకిన పిల్లలకు వరుసగా రెండు రోజులు మోతాదు ఇవ్వాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనపై విభేదం లేదు. పైగా మరణాల ప్రశ్న రెటినోయిక్ ఆమ్లం కాపాడే పేగు, ఊపిరితిత్తుల పొరలకు, రోగనిరోధక శక్తికి సంబంధించినది. రాత్రి చూపు రెటినల్‌కు సంబంధించినది. ఒకదాని ఫలితాన్ని రెండోదానికి రుజువుగా చూపడం ఈ చర్చలో పదే పదే జరుగుతున్న పొరపాటు. మోతాదు మరణాలను తగ్గించకపోయినా అది రేచీకటికి మందే. మరణాలను తగ్గించినా రేచీకటి తిరగబెట్టదన్న హామీ లేదు.

లోపం తగ్గిపోయింది కనుక కార్యక్రమం అక్కరలేదన్నది ఎదురు వాదం. ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర సహా ఎనిమిది రాష్ట్రాల్లో జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ జరిపిన సర్వే 2003లో బడి ఈడుకు ముందు పిల్లల్లో 62 శాతానికి రక్తంలో ఎ విటమిన్ తక్కువని, 0.8 శాతానికి బైటాట్ మచ్చలున్నాయని చెప్పింది. మచ్చలు 0.5 శాతం దాటితే దాన్ని ప్రజారోగ్య సమస్యగా పరిగణిస్తారు. 2016-18 నాటి సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో లోపాన్ని 18 శాతంగా లెక్కగట్టింది. రెండు సర్వేల పద్ధతులు ఒకటి కావు. రెండోది ఇన్‌ఫెక్షన్ ప్రభావాన్ని పరిగణనలోకి తీసుకుంది. కాబట్టి 62 నుంచి 18కి పడిపోయిందని తీసివేత లెక్క చేయడం సరికాదు. తగ్గిందన్న మాట నిజమే, ఎంత అన్నదే తేలాలి. దేశ సగటు తక్కువగా ఉన్నా జార్ఖండ్‌లో అదే సర్వే 43 శాతం చూపింది. సగటును చూసి ఒక తాలూకా గురించి తీర్పు చెప్పలేం.

గోకుంద, కిన్వట్ ప్రాంతం

గోకుంద మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కిన్వట్ పట్టణాన్ని ఆనుకుని ఉంది. కిన్వట్ తాలూకా 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో భాగం. తెలుగు, మరాఠీ, గోండీ, కొలామీ, లంబాడీ భాషలు వినిపించే ఈ పెన్‌గంగ పరీవాహక ప్రాంతంలో తాలూకా ఉపజిల్లా ఆసుపత్రి గోకుందలోనే ఉంది. ఇక్కడి పరిస్థితులను దృష్టి చక్రంలోని లంకెలతో పోల్చి చూడవచ్చు. జొన్నరొట్టె, అన్నం ప్రధానమైన భోజనంలో ధాన్యం నుంచి కెరోటిన్ దాదాపు రాదు. పుంటికూర, తోటకూర, మునగాకు వానాకాలంలో పుష్కలం, ఎండాకాలంలో కరువు. మామిడి, బొప్పాయి ఆ లోటును కొంత పూడుస్తాయి. పేద ఇంటి కూరలో నూనె తక్కువైతే తిన్న ఆకుకూర కూడా పూర్తిగా అక్కరకు రాదు. అడవి అంచు గూడేల్లో జనం ఎండాకాలం మొదట్లో తెల్లవారకముందే ఇప్పపూలు ఏరడానికి వెళతారు. మసక వెలుతురులో చూపు అక్కడ పొట్టకూటి అవసరం. కొలాములను మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ ప్రత్యేకంగా దుర్బలమైన ఆదివాసీ సమూహంగా ప్రభుత్వం గుర్తించింది. సరిహద్దుకు ఇరువైపులా తిరిగే కుటుంబాల పిల్లల మోతాదు కార్డులు రెండు రాష్ట్రాల అంగన్‌వాడీల్లోనూ చెల్లేలా ఉండాలి. తొమ్మిది మోతాదుల లెక్క కుటుంబం ఊరు మారగానే తెగిపోతే కార్యక్రమం పేరుకే మిగులుతుంది.

ఆకుకూరలపై అభ్యంతరం

ఆకుకూరల్లోని కెరోటిన్ విటమిన్‌గా మారే పాళ్ళు చాలా తక్కువని, ఆహారంపై ఆశ పెట్టుకోవడం వృథా అని కొందరు పోషకాహార నిపుణులు వాదిస్తారు. ఈ అభ్యంతరంలో పస ఉంది. ఒకప్పుడు 6 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్‌ను ఒక మైక్రోగ్రాము రెటినాల్‌గా లెక్కించేవారు. 2001లో అమెరికా నిపుణులు ఆ అంకెను 12 చేశారు. భారత వైద్య పరిశోధన మండలి 2010లో 8 అని తీసుకుంది. కఠినమైన 12నే తీసుకున్నా రోజుకు 400 మైక్రోగ్రాముల కోసం పిల్లవాడికి కావలసింది 4,800 మైక్రోగ్రాముల కెరోటిన్. తోటకూర, మునగాకు వంటివి 100 గ్రాములకు వేల మైక్రోగ్రాములు ఇస్తాయి గనుక చిన్న గిన్నెడు కూర దానికి దగ్గరగా వస్తుంది. కష్టమంతా పసిపిల్లలు ఆ కూరను ఏడాది పొడవునా, నూనెతో, తినేలా చూడటంలోనే ఉంది. పాలు, గుడ్డు, నూనె, పప్పు కూడా కలిస్తే విటమిన్‌తో పాటు వాహక ప్రోటీన్‌కు కావలసినవీ అందుతాయి. ఇది మోతాదు చేయలేని పని. పాలకు, వంటనూనెకు ఎ విటమిన్ కలిపే పద్ధతి కూడా అమల్లోకి వచ్చింది. ప్యాకెట్ నూనె కొనే ఇళ్ళకే అది చేరుతుంది, గానుగ నూనె, విడి నూనె కొనేవారికి చేరదు.

విటమిన్‌తో నయం కాని రేచీకటి

తెలుగునాట మేనరికాలు ఎక్కువ కావడం వల్ల రెటినైటిస్ పిగ్మెంటోసా వంటి వంశపారంపర్య రెటీనా జబ్బులు తరచుగా కనిపిస్తాయి. 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ ఈ జబ్బుల జన్యు కారణాలపై పరిశోధన చేస్తోంది. వీటి తొలి లక్షణం కూడా రేచీకటే. ఆర్‌పీఈ65 లోపానికి జన్యు చికిత్సను అమెరికా 2017 డిసెంబరులో అనుమతించింది. చక్రంలోని తెగిన లంకెనే సరిచేసే మొదటి చికిత్స అది. మిగిలిన వాటిలో చాలా వాటికి ఇంకా మందు లేదు. ఎ విటమిన్ అధికంగా వాడితే తలనొప్పి, వాంతులు, కాలేయ నష్టం వస్తాయి. గర్భిణులకు పెద్ద మోతాదు ఇస్తే శిశువుకు అంగవైకల్యం కలగవచ్చు గనుక వారికి రోజుకు 10,000 యూనిట్లకు మించి ఇవ్వరు. మామూలుగా చూపున్న వారికి అదనపు విటమిన్ వల్ల చూపు పదునెక్కదు. ఆప్సిన్లన్నీ నిండాక మిగిలిన రెటినాల్‌కు రెటీనాలో పని ఉండదు.

సంధ్యవేళ తడబడే పిల్లవాడికి రేచీకటి అని తేలితే వెంటనే వయసుకు తగ్గ మోతాదు, ఒకటి నుంచి నాలుగు వారాల్లోపు రెండో మోతాదు ఇవ్వడం మన దేశంలో అనుసరించే పద్ధతి. మొదటి మోతాదు పడ్డాక కొద్ది రోజుల్లో చీకటి చూపు మెరుగుపడకపోతే మోతాదులు పెంచుకుంటూ పోకుండా, ఆ బిడ్డను రెటీనా వైద్యులకు చూపించాలి.